బెల్‌గ్రేడ్‌లో ఎక్కడ దిగాలి? నాలుగు పేటలు, నాలుగు రకాల వీధులు

బెల్‌గ్రేడ్ వెళ్తున్నామని ఫోన్ చేసే స్నేహితులు ఏ హోటల్ బాగుంటుందని అడుగుతారు. నేను ఏ పేటలో దిగుతున్నారని ఎదురు ప్రశ్న వేస్తాను. సెర్బియా రాజధానిలో టికెట్టు కొని చూడాల్సినవి రెండు రోజుల్లో అయిపోతాయి. మిగతా కాలమంతా వీధిలోనే గడుస్తుంది. పొద్దున్నే బేకరీ ముందు వరసలో నిలబడటం, మార్కెట్లో ఎర్ర క్యాప్సికం ఏరుకోవడం, ఒక కాఫీ ముందు గంటన్నర కూర్చోవడం, చీకటి పడేదాకా నది ఒడ్డున నడవడం: ఈ ఊరి రుచి వీటిలోనే ఉంది. అందుకే గది ఎలాంటిదన్న దానికంటే తలుపు తీయగానే కాలు పెట్టే వీధి ఎలాంటిదన్నది ముందు చూసుకోవాలంటాను.

ఇక్కడ నాలుగు పేటల్ని పోలుస్తున్నాను: కోట పక్కనున్న దోర్చోల్, కొండ మీది వ్రాచార్, డాన్యూబ్ ఒడ్డున ఒకప్పుడు వేరే ఊరుగా ఉన్న జెమున్, సావా నదికి అవతల కాంక్రీటుతో లేచిన కొత్త బెల్‌గ్రేడ్. ఐదోదాని గురించి చివర్లో నాలుగు మాటలు చెబుతాను.

ఒక విషయం ముందే చెప్పేయాలి. భారత పాస్‌పోర్టు మీద వీసా లేకుండా సెర్బియాలో దిగే వెసులుబాటు 2023 జనవరి 1 నుంచి లేదు. షెంగెన్, అమెరికా, బ్రిటన్ వీసాలు ఉన్నవాళ్ళకు నిబంధనలు వేరు. టికెట్లు కొనేముందు రాయబార కార్యాలయంలో కనుక్కోండి.

## వియన్నాను ఊహించుకుని వెళ్ళొద్దు

పేటలు పోల్చుకునే ముందు ఊరి ముఖం ఎందుకలా ఉంటుందో తెలియాలి. ప్రాగ్, వియన్నా చూసి వచ్చినవాళ్ళు బెల్‌గ్రేడ్ వీధిలో నిలబడి "ఇదేమిటి, ఏ ఇల్లూ పక్కింటితో కలవదు" అంటారు. నిజమే, కలవదు. 1941 ఏప్రిల్ 6న జర్మన్ విమానాలు ఊరి మీద బాంబులు కురిపించాయి. కోసాంచిచెవ్ వెనాత్స్ అనే చిన్న రాళ్ళ వీధిలో ఉన్న జాతీయ గ్రంథాలయం లక్షల కొద్దీ పుస్తకాలతో సహా కాలిపోయింది. ఆ భవనం పునాది ఇప్పటికీ అక్కడ బోసిగా ఉంటుంది. 1944లో ఈస్టర్ రోజున మిత్రరాజ్యాల విమానాలు వచ్చాయి. 1999లో నాటో దాడులు 78 రోజులు సాగాయి. నికోలా దోబ్రోవిచ్ రూపొందించిన సైనిక ప్రధాన కార్యాలయం ఆ దాడుల్లో చీలిపోయి, క్నెజా మిలోషా వీధిలో శిథిలంగానే ఏళ్ళ తరబడి నిలబడింది.

అంతకుముందు కూడా ఈ ఊరు ఒట్టోమన్‌ల చేతికి, ఆస్ట్రియా చేతికి మారుతూ వచ్చింది. అందుకే ఒకే వీధిలో ఒట్టోమన్ కాలపు పెంకుటిల్లు, దాని పక్కన 1930ల నాటి ఐదంతస్తుల మేడ, ఆ పక్కన 1960ల కాంక్రీటు, చివర్లో మొన్న కట్టిన గాజు భవనం కనిపిస్తాయి. ఈ అతుకుల బొంతను ఇష్టపడగలిగితే ఏ పేటైనా నచ్చుతుంది. ఇష్టపడలేకపోతే జెమున్ ఒక్కటే మిమ్మల్ని ఓదార్చగలదు.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది ఎత్తుపల్లాలు. సావా, డాన్యూబ్ నదులు కలిసే చోట మెరక మీద లేచిన ఊరు ఇది. పాత ఊళ్ళో ఏ వీధి చూసినా ఎక్కుడో దిగుడో ఉంటుంది. మ్యాపులో ఎనిమిది నిమిషాల నడకని చూపించేది మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఇరవై నిమిషాలు. నదికి అవతలి కొత్త బెల్‌గ్రేడ్ మాత్రం అరచేయిలా చదునుగా ఉంటుంది.

రెండోది ఇంటి వయసు, దాంతోపాటు లిఫ్టు. ఇక్కడ అంతస్తుల లెక్క మనల్ని మోసం చేస్తుంది. కింది భాగాన్ని లెక్కలోకి తీసుకోరు. పాత మేడల్లో దాని మీద "ఎత్తు నేల అంతస్తు" అని ఇంకోటి ఉంటుంది, దాన్నీ లెక్కపెట్టరు. మూడో అంతస్తు అని రాసి ఉంటే మీరు ఎక్కేది నాలుగు అంతస్తుల మెట్లు కావచ్చు. మా అమ్మను మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు ఈ సంగతి నాకు తెలియదు. పాత ఊళ్ళో అందమైన ఫ్లాట్ అని ఫోటోలు చూసి తీసుకున్నాను. లిఫ్టు లేదన్న మాట ఇంటివాళ్ళు ప్రకటనలో రాయలేదు, నేను అడగలేదు. ఐదు రోజుల్లో అమ్మ రోజుకు ఒక్కసారే కిందికి దిగింది. మిగతా ఊరంతా కిటికీలోంచే చూసింది. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. ఈ రాతకు సగం కారణం అదే.

మూడోది మార్కెట్ దూరం. ఇక్కడ కూరగాయల మార్కెట్‌ను "పియాత్సా" అంటారు. పేటకొకటి ఉంటుంది, మన రైతుబజారు లాగే పల్లెల నుంచి సరుకు తెచ్చి అమ్ముతారు. వారం మించి ఉండేవాళ్ళు, వండుకు తినేవాళ్ళు పియాత్సాకు సంచీ పట్టుకుని నడిచి వెళ్ళగలిగే దూరంలోనే ఇల్లు చూసుకోవాలి.

ఇక రాత్రి చప్పుడు, చలి, గాలి. వేసవి వస్తే కాఫీ హోటళ్ళు బల్లలన్నీ బయటికి తెస్తాయి. ఆ ఆరుబయటి చోటును "బష్టా" అంటారు, అంటే తోట. తోట మీద కిటికీ ఉంటే అర్ధరాత్రి దాటేదాకా మాటలు వినాల్సిందే. చలికాలంలో పెద్ద అపార్ట్‌మెంట్లకు ఊరి ఉమ్మడి వేడినీటి గొట్టాల నుంచి వెచ్చదనం వస్తుంది. దాని కాలం అక్టోబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా. పాత ఇళ్ళలో చాలాచోట్ల విద్యుత్ పొయ్యిలు, కట్టెలు, బొగ్గు వాడతారు. పొగ పట్టిన చలికాలపు గాలి ఆస్తమా ఉన్నవాళ్ళకు మంచిది కాదు. దీనికి తోడు ఆగ్నేయం నుంచి వీచే "కోషవా" అనే ఈదురుగాలి ఉంది. మొదలైతే మూడు రోజులో, ఐదు రోజులో, ఏడు రోజులో వీస్తుందని ఊరివాళ్ళు చెబుతారు.

రాకపోకల గురించి ఎక్కువ దిగులు పడక్కర్లేదు. మెట్రో లేదు కానీ బస్సులు, ట్రాములు, ట్రాలీబస్సులు 2025 జనవరి 1 నుంచి అందరికీ ఉచితం. దూరం కంటే వంతెనల మీద సాయంత్రం పూట ట్రాఫిక్ పెద్ద సమస్య.

## దోర్చోల్: నాలుగు దారుల పేట

పేరులోనే తుర్కీ మాటలున్నాయి. "దోర్త్" అంటే నాలుగు, "యోల్" అంటే దారి. మన నాలుగు రోడ్ల సెంటర్ లాంటిదే. పాత ఊరి చుట్టూ గుండ్రంగా తిరిగే 2వ నంబరు ట్రాము గీసే వలయం ఉంది. దాని లోపల ఉన్నదే అసలైన బెల్‌గ్రేడ్ అని లోపలివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. దోర్చోల్ పైభాగం ఆ వలయం లోపలిది.

ఈ పేట అర్థం కావాలంటే క్రల్యా పెత్రా వీధిలో పైనుంచి నది వైపు ఒక్కసారి దిగాలి. మొదట్లో ప్రధాన చర్చి, దాని ఎదురుగా కొయ్య దూలాల పాత కఫానా, అంటే సెర్బియా తరహా భోజన హోటల్. ఆ కఫానాకు పేరు లేదు, బోర్డు మీద ప్రశ్నార్థకం మాత్రమే ఉంటుంది. 1892లో యజమాని "చర్చి దగ్గర" అని పేరు పెట్టబోతే చర్చివాళ్ళు అభ్యంతరం చెప్పారు. తేలేదాకా ఉండనిమ్మని ఆయన ప్రశ్నార్థకం గుర్తు తగిలించాడు. అదే నిలిచిపోయింది. కొంచెం దిగితే వాహనాలు తిరగని క్నెజ్ మిహాయిలోవా వీధి అడ్డం వస్తుంది. దాన్ని దాటి ముందుకెళ్తే ఆకుపచ్చ పలకలు తాపిన 1907 నాటి మేడ. ఇంకా దిగి పక్కకు తిరిగితే గోస్పోదార్ యెవ్రెమోవా వీధిలో బైరాక్లీ మసీదు. 1575 ప్రాంతంలో కట్టారు. ఒట్టోమన్ కాలపు మసీదుల్లో ఊళ్ళో ఇప్పటికీ నమాజు జరిగేది ఇదొక్కటే. ఇంకా కిందికి వెళ్తే దుషానోవా వీధి, అందులో 10వ నంబరు ఇల్లు. ఆస్ట్రియా ఏలుబడిలో 1724–27 మధ్య కట్టిన ఈ ఇల్లు ఊళ్ళో మిగిలిన ఇళ్ళన్నిటిలోకీ పాతది. దాన్ని చూడటానికి ఎవరూ గుంపులుగా రారు. పక్కనుంచి ట్రాము వెళ్ళిపోతుంటుంది.

దుషానోవా వీధి ఈ పేటను రెండుగా చీలుస్తుంది. పైభాగం అంగళ్ళు, కాఫీలు, సందడి. కిందిభాగం ఒకప్పుడు పనివాళ్ళది, యూదులది. "యూదుల వీధి" అనే పేరు ఇంకా ఉంది, ఆ పేరుకు కారణమైన మనుషుల్లో ఎక్కువమందిని రెండో ప్రపంచయుద్ధంలో చంపేశారు. ఆ వీధిలో నడిచేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నది ఒడ్డున ఇప్పుడు కొత్త ఫ్లాట్లు లేస్తున్నాయి.

దోర్చోల్ ఇళ్ళ అందం వీధి వైపు కనిపించదు. పెద్ద గేటు తోసుకుని చీకటి దారి దాటితే లోపల పెరడు వస్తుంది. ఒక చెట్టు, రెండు కుర్చీలు, ఆరేసిన బట్టలు, ఒక పిల్లి. గేటు తలుపు మీద నల్ల అంచు కాగితం అంటించి ఉంటే అది ఆ ఇంట్లో పోయినవాళ్ళ ఫోటో, పేరు, తేదీ. సెర్బియాలో చావు కబురు గేట్ల మీద, చెట్ల మీద ఇలాగే అందరికీ తెలుస్తుంది. ప్రకటన అనుకుని ముందు నిలబడి ఫోటోలు తీయకండి.

ఏ చిక్కుల్లేవా అంటే ఉన్నాయి. స్త్రాహినిచా బానా వీధి మొత్తం బార్లే. స్కదార్లియా రాళ్ళ వీధిలో రాత్రి పొద్దుపోయేదాకా వాద్యాల మోత. కార్లు కాలిబాట మీదే ఆపుతారు, పిల్లల బండి తోసుకెళ్ళడం కష్టం. కాఫీ హోటళ్ళ లోపల సిగరెట్లు తాగనిస్తారు (ఇది ఊరంతా ఉన్నదే, ఇక్కడ మరీ ఎక్కువ తగులుతుంది). దోర్చోల్‌లో ఇల్లు తీసుకుంటే పెరటి వైపు కిటికీ ఉన్నదే తీసుకోండి, వీధి వైపు ఎంత అందంగా కనిపించినా సరే. మార్కెట్‌కు స్కదార్లియా కింద ఉన్న బయిలోని పియాత్సా దగ్గర.

## వ్రాచార్: వండుకు తినేవాళ్ళ కొండ

నెల రోజులు ఉండి ఇంటి నుంచే పని చేసుకుంటామంటే నేను ముందు చెప్పే పేరు వ్రాచార్. కారణం కలెనిచ్ పియాత్సా. 1926లో మొదలైన ఈ మార్కెట్‌లో శనివారం పొద్దున ఊరి సగం జనం కనిపిస్తారు. కాయ్‌మాక్ అనే చిక్కటి మీగడ అమ్మేవాళ్ళు బల్ల వెనక నుంచే కొంచెం రుచి చూపిస్తారు. కొనకపోయినా ఏమీ అనరు. పీపాలో పులియబెట్టిన క్యాబేజీ గడ్డలు, ఎండిన మిరపకాయల దండలు, కుప్పలు పోసిన చిక్కుడు గింజలు. "కోమ్షియా" అని పిలుస్తారు. పొరుగాయన అని అర్థం, కొత్తవాడినీ అలాగే పిలుస్తారు. ఆడవాళ్ళనైతే "కోమ్షినిత్సా" అంటారు.

వీధులు చెట్ల నీడలో ఉంటాయి. క్రున్‌స్కా వీధిలో రెండు ప్రపంచయుద్ధాల నడుమ కట్టిన విల్లాలు, వాటిలో ఒకటి నికోలా టెస్లా మ్యూజియం. ఆయన చితాభస్మం బంగారు రంగు గోళంలో అక్కడే ఉంది. అదే కాలపు అపార్ట్‌మెంట్లలో కప్పులు ఎత్తుగా, గదులు విశాలంగా ఉంటాయి, చాలావాటికి లిఫ్టు కూడా ఉంటుంది. జూన్‌లో లిండెన్ చెట్లు పూస్తే వాసన కిటికీలోంచి గదిలోకి వస్తుంది.

సెయింట్ సావా ఆలయం ఈ పేటకు గుర్తు. 1935లో మొదలుపెట్టి, యుద్ధంతో 1941లో ఆపేసి, 1985లో గానీ మళ్ళీ పని మొదలుపెట్టలేదు. దాదాపు 4,000 టన్నుల గుమ్మటాన్ని కిందే తయారుచేసి 1989లో పైకి లేపారు. ఒక తరం ముత్తాతలు చందా ఇచ్చిన గుడి లోపలి మొజాయిక్ పనిని మునిమనవలు చూశారన్నమాట.

లోటు ఏమిటంటే నది లేదు. నీళ్ళు చూడాలంటే ప్రతిసారీ కొండ దిగాలి, తిరిగి ఎక్కాలి. స్లావియా కూడలి దగ్గరి ఇళ్ళలో వాహనాల రొద ఎప్పుడూ ఉంటుంది. విమానాశ్రయం నుంచి బస్సు నేరుగా స్లావియాకు వస్తుందన్న సౌకర్యం చూసి దాని మీదే ఇల్లు తీసుకోవద్దు, నాలుగు వీధులు లోపలికి వెళ్ళండి. మూడు నాలుగు రోజులకే వచ్చేవాళ్ళకు కూడా వ్రాచార్ సరిపడదు. ఇది మెల్లగా అలవాటయ్యే పేట.

## జెమున్: పక్క దేశపు ఊరు

జెమున్ వాళ్ళు నది దాటేటప్పుడు "బెల్‌గ్రేడ్ వెళ్తున్నా" అంటారు. 1934లోనే రాజధానిలో కలిసిపోయినా ఆ మాట మారలేదు. 1918 దాకా ఇది ఆస్ట్రియా-హంగరీ సరిహద్దు ఊరు. అవతలి ఒడ్డు వేరే దేశం. ఒట్టోమన్ రాజ్యం నుంచి వచ్చే ప్రయాణికుల్ని అంటురోగాల భయంతో ఆపి ఉంచే క్వారంటీన్ ఇక్కడే ఉండేది. ఆ స్థలంలో ఇప్పుడు ఊరి పార్కు ఉంది. 1914 జులైలో యుద్ధం ప్రకటించిన రాత్రే ఆస్ట్రియా-హంగరీ నదీ నౌకలు బెల్‌గ్రేడ్ మీద గుండ్లు పేల్చాయి.

అందుకే ఇక్కడి వీధి తీరు వేరు. వరసగా అతుక్కున్న ఒకటి రెండు అంతస్తుల ఇళ్ళు, పసుపు, గులాబి గోడలు, ఎర్ర పెంకులు. గార్దోష్ కొండ మీద వంకరటింకర రాళ్ళ సందులు, పైన 1896లో హంగరీ వెయ్యేళ్ళ పండుగకు కట్టిన బురుజు. దాన్ని జనం మాత్రం సిబిన్యానిన్ యాంకో బురుజు అంటారు. 1456లో ఈ కోటలోనే చనిపోయిన హంగరీ సేనాని హున్యాది యానోష్‌కు సెర్బియా పాటల్లోని పేరది. బురుజు కట్టింది ఆయన పోయాక 440 ఏళ్ళకు. అయినా పేరు ఆయనదే.

సాయంత్రం డాన్యూబ్ గట్టు మీద ఊరంతా నడుస్తుంది. సైకిళ్ళు, చేపల హోటళ్ళు, హంసలు, ఎదురుగా ఇళ్ళు లేని, "యుద్ధ ద్వీపం" అని పిలిచే పచ్చటి లంక. ఫోటోలకు, నిశ్శబ్దానికి, ఇద్దరే వెళ్ళే ప్రయాణానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

కానీ గార్దోష్ సందుల్లో పెద్దవాళ్ళను దించకండి. రాళ్ళు నున్నగా అరిగిపోయాయి, వాన పడితే జారతాయి. చలికాలంలో పాత ఇళ్ళ పొగ కిందికి దిగి గట్టు దాకా పరుచుకుంటుంది. ఊరి నడిబొడ్డుకు వెళ్ళే 84వ నంబరు బస్సు పొద్దున, సాయంత్రం కిక్కిరిసి ఉంటుంది. గట్టుకు, మార్కెట్‌కు నడుమనున్న చదును భాగంలో ఇల్లు దొరికితే ఈ ఇబ్బందుల్లో సగం తీరిపోతాయి.

## కొత్త బెల్‌గ్రేడ్: కాంక్రీటు కింద చెట్లు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఫోటోలు చూసి అందరూ ముందుగా కొట్టేసే పేరు ఇదే. బూడిదరంగు గోడలు, వరసలు కట్టిన బాల్కనీలు, మన పాత క్వార్టర్ల లాంటి అపార్ట్‌మెంట్లు. చూడటానికి ఏముందని అంటారు.

1948లో ఇక్కడ చిత్తడి నేల తప్ప పెద్దగా ఏమీ లేదు. దేశం నలుమూలల నుంచి యువజన దళాలు వచ్చి ఇసుక పోసి మెరక చేశాయి. ఆ ఇసుక మీద లేచిన పట్టణాన్ని పేటలుగా కాక "బ్లోక్"లుగా నంబర్లు వేసి విభజించారు. ఇప్పటికీ ఎవరిదైనా ఇల్లెక్కడంటే నంబరే చెబుతారు. ఊళ్ళోకి రాగానే కనిపించే జంట బురుజు జెనెక్స్. మిహాయిలో మిత్రోవిచ్ రూపొందించినది. రెండు బురుజుల్ని పైన ఒక వంతెన కలుపుతుంది. 28వ బ్లోక్‌లో కిటికీలు పాత టీవీ పెట్టెల్లా ఉన్న మేడ ఉంది, దాన్ని "టీవీ ఇల్లు" అనే పిలుస్తారు. నదుల సంగమం దగ్గర సమకాలీన కళల మ్యూజియం ఇవాన్ ఆంతిచ్, ఇవాంకా రాస్పోపోవిచ్ రూపొందించినది, 1965లో తెరిచారు. స్ఫటికాల్ని పక్కపక్కన పేర్చినట్టుంటుంది.

ఈ ఒడ్డుతో మనకూ ఒక సంబంధం ఉంది. 1961 సెప్టెంబర్‌లో అలీన దేశాల మొదటి సదస్సు బెల్‌గ్రేడ్‌లోనే జరిగింది, నెహ్రూ వచ్చారు. సదస్సుకు వచ్చిన నేతలు మొక్కలు నాటగా మొదలైన స్నేహవనం సంగమం పక్కనే ఉంది. సావా వైపు బ్లోక్‌లలో నెహ్రూ వీధి, గాంధీ వీధి ఉన్నాయి, పక్కనే యూరీ గగారిన్ వీధి.

రెండోసారి అమ్మను తీసుకెళ్ళింది అక్కడికే, 45వ బ్లోక్‌కు. నది వైపు పొట్టి మేడలు, వెనక పొడుగువి. లోపలికి కార్లు రావు, మేడకూ మేడకూ మధ్య చెట్లు, కాలిబాటలు, ఆటస్థలాలు. బయటి నుంచి చూస్తే కాంక్రీటు, లోపలికి వస్తే తోట. మెట్లు లేని నేల మీద అమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తనంతట తానే సావా గట్టు దాకా నడిచి వచ్చేది. సిరిలిక్ లిపిలో నెహ్రూ పేరు నేను చదివి వినిపిస్తే బోర్డు ముందు కాసేపు నిలబడిపోయింది.

అది సెప్టెంబర్. ఊరంతా ఐవార్ పెట్టే నెల. ఎర్ర క్యాప్సికం కాల్చి, తొక్క ఒలిచి, రుబ్బి, నూనెలో గంటల తరబడి ఉడికించి ఏడాదికి సరిపడా సీసాలకెత్తుతారు. మన ఇళ్ళలో ఆవకాయ రోజులు ఎలా ఉంటాయో అలా ఉంటుంది. మా మేడ గుమ్మం పక్క బెంచీ మీద ఇద్దరు ముసలమ్మలు కాల్చిన కాయలు ఒలుస్తున్నారు. అమ్మ వెళ్ళి పక్కన కూర్చుని తనూ ఒలవడం మొదలుపెట్టింది. మూడో రోజుకు ఒక సీసా మా బల్ల మీదికి వచ్చింది. దోర్చోల్‌లో ఐదు రోజులున్నా మేము పొరుగువాళ్ళ ముఖం చూడలేదు. తప్పు దోర్చోల్‌ది కాదు. మెట్ల మీద ఎవరూ ఆగి మాట్లాడరు, బెంచీల దగ్గర ఆగుతారు.

చిక్కులు ఇక్కడా ఉన్నాయి. విశాలమైన ఖాళీల్లో కోషవా గాలి అడ్డూ ఆపూ లేకుండా కొడుతుంది. మేడలన్నీ ఒకేలా ఉండి మొదటి రెండు రోజులు దారి తప్పుతారు, గుమ్మం నంబరు రాసిపెట్టుకోండి. పాత లిఫ్టులు అప్పుడప్పుడు ఆగిపోతాయి, అందుకని మూడో అంతస్తు లోపు అడగండి. నది మీద తేలే క్లబ్బులున్న చోట వేసవి రాత్రులు నిద్ర పట్టదు. మొదటిసారి వచ్చి మూడు రోజుల్లో ఊరు చూసి వెళ్ళాలనుకునేవాళ్ళకు రోజూ వంతెన దాటడంతోనే పొద్దు గడిచిపోతుంది. ఇంకో విషయం: 1937లో సావా ఒడ్డున కట్టిన పాత ఎగ్జిబిషన్ మైదానం యుద్ధకాలంలో నాజీల నిర్బంధ శిబిరం. అక్కడ వేలమందిని చంపారు. బ్రాంకో వంతెన దిగి అటు నడిచినప్పుడు అది మామూలు పాతభవనాల గుంపు కాదని తెలిసి నడవండి.

## ఐదోది: సావామాలా, నీటి ఒడ్డు బురుజులు

సావామాలా వైపున్న 1884 నాటి రైల్వే స్టేషన్‌ను 2018లో మూసేశారు. దాని వెనక పట్టాల స్థలంలో గాజు బురుజులు లేచాయి, అన్నిటికంటే ఎత్తయినది 168 మీటర్లు. లిఫ్టు, వెచ్చదనం, నది, అన్నీ ఉన్నాయి. కానీ ఈ రాత అడిగే ప్రశ్న వీధి గురించి. ఆ వీధులు దుబాయ్‌లోనైనా ఉండొచ్చు. సాయంత్రం నడవడానికి వెళ్ళండి, బస మాత్రం వద్దంటాను.

## ఒకచోట పెట్టి చూస్తే

| | దోర్చోల్ | వ్రాచార్ | జెమున్ | కొత్త బెల్‌గ్రేడ్ |
|---|---|---|---|---|
| నేల | ఏటవాలు | కొండ | గట్టు చదును, గార్దోష్ నిటారు | పూర్తిగా చదును |
| ఇళ్ళు | అన్ని కాలాలవీ కలిసి | యుద్ధాల నడుమ మేడలు, విల్లాలు | ఆస్ట్రియా తీరు పొట్టి ఇళ్ళు | 1948 తర్వాతి కాంక్రీటు |
| లిఫ్టు | అడిగి తెలుసుకోవాలి | చాలావాటికి ఉంటుంది | అరుదు | ఉంటుంది, పాతది |
| మార్కెట్ | బయిలోని | కలెనిచ్ | జెమున్ మార్కెట్ | 44వ బ్లోక్ |
| రాత్రి | సందడి | ప్రశాంతం | ప్రశాంతం | క్లబ్బులకు దూరమైతే ప్రశాంతం |
| నది | కిందికి దిగితే డాన్యూబ్ | లేదు | గుమ్మం ముందే | సావా గట్టు |
| ఎన్నాళ్ళకు | 3–4 రోజులు | రెండు వారాలు మించి | 2–3 రోజులు | వారం, పిల్లలతో, పెద్దలతో |

## శాకాహారులకు ఒక మాట

ఏ పేటలో దిగినా ఈ ఒక్క మాట నేర్చుకోండి: "పోస్నో". ఆర్థడాక్స్ ఉపవాసాల్లో తినే తిండి అని అర్థం. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. బుధ, శుక్రవారాల్లో, ఈస్టర్‌కు ముందు, నవంబర్ 28 నుంచి జనవరి 6 దాకా పాటించేవాళ్ళు ఎక్కువ. అప్పుడు ప్రతి బేకరీలో పోస్నో రకాలు దొరుకుతాయి. అయితే చేప ఉండొచ్చు, అది అడగాలి. ఉల్లిపాయలతో కుండలో కాల్చిన చిక్కుడు గింజల "ప్రెబ్రానాత్స్" మామూలుగా మాంసం లేనిదే. "పసూళ్" అనే చిక్కుడు పులుసులో మాత్రం పొగబెట్టిన పంది మాంసం వేస్తారు. బూరెక్ అనే పొరల పేస్ట్రీ జున్నుతో కావాలంటే "స సీరోమ్" అనండి. పిండిలో పంది కొవ్వు కలిపే బేకరీలూ ఉన్నాయి, "మాస్త్" ఉందా అని అడిగితే నిజమే చెబుతారు. వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటే ఈ బెంగే ఉండదు. ఈ లెక్కన వ్రాచార్‌కు ఇంకో మార్కు.

## నేనైతే

మొదటిసారి, నాలుగు రోజులు, కాళ్ళలో బలం ఉంది: దోర్చోల్ పైభాగం, పెరటి వైపు గది. ఒక సాయంత్రం జెమున్‌కు కేటాయించండి. బురుజు దగ్గర పొద్దు గుంకడం చూసి 84లో వెనక్కి రండి.

అమ్మానాన్నలు, చిన్నపిల్లలు వెంట ఉన్నారు: ఇంకేమీ ఆలోచించకుండా 45 లేదా 70వ బ్లోక్. కోట, క్నెజ్ మిహాయిలోవా, గుడి ఒక్కొక్కటి ఒక్కో రోజు చూసి రావచ్చు.

నెల రోజులు, ల్యాప్‌టాప్ ముందు పని: వ్రాచార్, కలెనిచ్‌కు పది నిమిషాల లోపు. పని లేని రోజున పక్కనున్న నోవీ సాద్ ఊరు చూసి రావచ్చు.

భవనాలు చూడటానికే వస్తున్నవాళ్ళు, పది రోజులు చేతిలో ఉంటే, బసను రెండుగా విడగొట్టండి: ఐదు రాత్రులు దోర్చోల్, ఐదు రాత్రులు కొత్త బెల్‌గ్రేడ్. ముందు పాత ఊరు, తర్వాత కొత్తది. మారే రోజున బస్సెక్కకుండా, సామాను టాక్సీలో పంపగలిగితే పంపి, బ్రాంకో వంతెన మీదుగా నడిచి వెళ్ళండి. నడి వంతెన మీద ఆగి వెనక్కి చూస్తే కోట, ముందుకు చూస్తే 1948 తర్వాతి ఊరు, కింద సావా. సెప్టెంబర్ రెండో వారంలో వెళ్ళగలిగితే, అవతలి ఒడ్డు దిగగానే కాలుతున్న క్యాప్సికం వాసన వస్తుంది.